కాఫీ ఖరీదైందని కాఫీ షేర్లు కొనవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మావారు ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు, వయసు 66. పింఛను నెలకు 41,000 రూపాయలు, ఇల్లు సొంతం. ఇంట్లో రోజుకు ఐదు కప్పుల ఫిల్టర్ కాఫీ అవుతుంది, నెలకు కిలో రెండు వందల గ్రాముల పొడి పడుతుంది. 2023లో కిలో 520 రూపాయలకు తెచ్చుకున్న పొడే ఇప్పుడు 840 అయింది. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు మావారు స్నేహితులతో కలిసి హోటల్లో తాగే కాఫీ 15 నుంచి 25 రూపాయలకు పెరిగింది. ధర ఇంకా పెరుగుతుందంటున్నారు కనుక ఆరు నెలలకు సరిపడా పొడి ఒకేసారి కొని ఉంచుకోవచ్చా? త్వరలో మా రెండు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరుతుంది. అది తీసి కాఫీ కంపెనీ షేర్లలో పెడితే, కాఫీ ధర పెరిగినకొద్దీ మనకూ లాభం వస్తుందని మా అల్లుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఖర్చుల వివరాలు ఇంత స్పష్టంగా రాసినందుకు ముందుగా ధన్యవాదాలు. డిపాజిట్ డబ్బును కాఫీ షేర్లలో పెట్టవద్దు, ఆరు నెలల పొడి నిలవ చేయవద్దు. కాఫీ మానుకోవలసిన అవసరం అసలే లేదు. ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే మీ ఇంటి మీద నిజంగా పడిన అదనపు భారం ఎంతో ముందు తేల్చుకోవాలి.

మీరు చెప్పిన ప్రకారం కప్పుకు ఎనిమిది గ్రాముల పొడి పడుతోంది. పాత ధరలో దాని ఖరీదు 4 రూపాయల 16 పైసలు, ఇప్పుడు 6 రూపాయల 72 పైసలు. అంటే పొడి ధర అరవై శాతానికి పైగా పెరిగినా, ఇంట్లో కలుపుకునే కప్పు మీద పెరిగింది రెండున్నర రూపాయల పైచిలుకు మాత్రమే. నెలకు అది 384 రూపాయలు. హోటల్ కాఫీకి రోజుకు పది రూపాయల చొప్పున నెలకు మరో 300. రెండూ కలిపి 684, ఏడాదికి 8,208 రూపాయలు. హోటల్ కప్పులో పెరిగిన పది రూపాయల్లో కాఫీ పొడి వాటా రెండు మూడు రూపాయలకు మించదు. మిగిలినదంతా పాలు, గ్యాస్, అద్దె, పనివాళ్ల జీతాల కిందకే వస్తుంది కనుక రేపు పొడి ధర దిగినా హోటల్ ధర దిగుతుందని ఆశించవద్దు. అలాగని మీవారిని ఆ సాయంత్రం కాఫీ మానమని నేను చెప్పను. పదవీ విరమణ తరువాత నలుగురు స్నేహితులతో కూర్చునే ఆ అరగంటకు నెలకు 750 రూపాయలు ఎక్కువ కాదని నా అభిప్రాయం.

పెరిగిన మొత్తం పింఛనులో రెండు శాతం లోపే ఉన్నా, మీ ఆందోళన తీసిపారేయదగినది కాదు. పింఛనుతో పాటు ఇచ్చే కరవు భృతి (డీఆర్) ధరల సూచీని బట్టి పెరుగుతుంది గాని, సూచీలో కాఫీ లాంటి వస్తువులకు దక్కే చోటు చాలా చిన్నది. డీఆర్ లెక్కకు వాడే సూచీ వేరే అయినా, పోలిక కోసం చూస్తే, 2012 ఆధార సంవత్సరంగా లెక్కించిన జాతీయ వినియోగదారుల ధరల సూచీలో మద్యేతర పానీయాలన్నిటికీ కలిపి ఇచ్చిన వాటా 1.26 శాతమే. అందువల్ల కాఫీ ఎక్కువగా తాగే ఇంటికి తగిలే దెబ్బ డీఆర్‌లో పూర్తిగా కనిపించదు, ఆ లోటును మనమే పూడ్చుకోవాలి.

మన కాఫీ కొడగు, చిక్కమగళూరు, అరకు కొండల్లో పండేదే కదా, బ్రెజిల్‌లో వానలు లేకపోతే విజయవాడలో ధర ఎందుకు పెరగాలని చాలామంది నన్ను అడుగుతుంటారు. మన దేశంలో పండే కాఫీలో మూడింట రెండు వంతులకు పైగా ఎగుమతి అవుతుంది. అందువల్ల తోట దగ్గర గింజకు పలికే ధర న్యూయార్క్, లండన్ మార్కెట్ల వెంటే నడుస్తుంది. కాఫీ గింజల్లో ముఖ్యమైనవి అరబికా, రోబస్టా అనే రెండు రకాలు. బ్రెజిల్‌లో, రోబస్టా ఎక్కువగా పండించే వియత్నాంలో ఎండలు పంటను దెబ్బతీయడంతో, అరబికా ధర 2024 చివర్లో 1977 నాటి గరిష్ఠాన్ని దాటి, 2025 ఫిబ్రవరిలో పౌను బరువుకు (సుమారు 454 గ్రాములు) నాలుగు డాలర్లు మించింది. కొత్తగా నాటిన మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది కనుక ధర పెరిగిన వెంటనే సరఫరా పెరగదు. ఈ పెరుగుదలలో కొంతైనా అరకు, పాడేరు గిరిజన రైతులకు చేరితే అది వారికి ఏనాడో అందవలసిన సొమ్మేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అయితే పెరిగిన ధర పెరుగుతూనే ఉంటుందనే నమ్మకం మీద పొదుపు సొమ్ము పెట్టకూడదు. 2011లో పౌనుకు మూడు డాలర్లు దాటిన అరబికా, 2013 చివరికి ఒక డాలరు దగ్గరికి పడిపోయింది. ఇక అల్లుడుగారి ఆలోచనలో అసలు చిక్కు మరొకటి ఉంది. గింజ ధర పెరిగితే లాభపడేది దాన్ని పండించినవారు, గింజను కొని పొడి చేసి అమ్మే కంపెనీకి మాత్రం అది ముడిసరుకు ఖర్చు. మన పక్కనే గుంటూరు జిల్లా దుగ్గిరాలలో ఫ్యాక్టరీ ఉన్న సీసీఎల్ ప్రొడక్ట్స్‌నే తీసుకోండి. గింజలు కొని ఇన్‌స్టంట్ కాఫీ తయారుచేసి దేశదేశాలకు ఎగుమతి చేసే కంపెనీ అది. గింజ ఖరీదైతే అలాంటి వ్యాపారంలో అంతే సరుకు కొనడానికి ఎక్కువ పెట్టుబడి కావాలి, దానికి వడ్డీ కట్టాలి, పెరిగిన ధరను కొనుగోలుదారుల నుంచి రాబట్టుకోగలగాలి. కంపెనీ మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. కాఫీ ధర పెరిగింది కనుక షేరు పెరుగుతుందన్న లెక్క మాత్రం నిలబడదు. దానికితోడు, కొన్న ఏడాదిలోపు లాభానికి అమ్మితే ఆ లాభం మీద 20 శాతం పన్ను ఉంటుంది. పింఛను మీద బతికే ఇంటి రెండు లక్షలను ఒకే కంపెనీ షేరులో పెట్టమని, అది ఏ కంపెనీ అయినా, నేను చెప్పలేను.

పొడి నిలవ సంగతి. గింజను మరపట్టిన క్షణం నుంచే సువాసన పోవడం మొదలవుతుంది, రెండు మూడు వారాలు దాటితే తేడా నాలుకకు తెలిసిపోతుంది. పైగా ఫిల్టర్ పొడిలో కలిపే చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసే పొడి) తేమను ఇట్టే పీల్చుకుంటుంది. మన వానాకాలపు ఉక్కలో డబ్బా మూత రోజుకు నాలుగుసార్లు తీస్తుంటే పొడి గడ్డకట్టి, ఫిల్టర్‌లో వేడినీళ్లు పోసినా డికాక్షన్ దిగకుండా నిలిచిపోతుంది. అప్పుడు చిక్కదనం కోసం మీరే రెండో చెంచా ఎక్కువ వేస్తారు, నిలవ చేసి మిగిల్చిన డబ్బు అక్కడే పోతుంది. గింజలు వేయించి మరపట్టి ఇచ్చే దుకాణంలో పదిహేను రోజులకు సరిపడా తెచ్చుకోవడమే లాభం.

అక్కడే మరో విషయం గమనించండి. ప్యాకెట్ మీద చికోరీ శాతం తప్పనిసరిగా రాయాలి, కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. ధర పెంచకుండా చికోరీ పెంచితే అది కూడా ధర పెంచడమే, కాబట్టి కిలో ధరతోపాటు ఈ శాతాన్ని కూడా పోల్చి చూడాలి. మీరు తెలిసే కాఫీ, చికోరీ పాళ్లను 80:20 నుంచి 70:30కి మార్చుకుంటే అది వేరు. చికోరీ చవక, డికాక్షన్ చిక్కగా దిగుతుంది, పొడి కొంత తక్కువ పడుతుంది. రుచి మీ ఇద్దరికీ నచ్చితేనే మారండి. ఇన్‌స్టంట్ కాఫీ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మీరు వాడే ఫిల్టర్ పొడి మీద మొదటి నుంచీ 5 శాతమే కనుక ఆ తగ్గింపు మీకు వర్తించదు.

ఇప్పుడు డిపాజిట్ విషయానికి వద్దాం. గడువు తీరేదాకా ఆగండి, ముందే తీస్తే బ్యాంకు వడ్డీలో కోత పెడుతుంది. తీరిన తరువాత ఒక లక్షతో మీవారి పేరున పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఖాతా తెరవండి. 2023 ఏప్రిల్‌లో దీని వడ్డీ 8.2 శాతానికి పెరిగింది, ఖాతా తెరిచే త్రైమాసికంలో అమలులో ఉన్న రేటే ఐదేళ్లూ కొనసాగుతుంది. 8.2 శాతం చొప్పున లక్షకు ఏడాదికి 8,200 రూపాయలు, అంటే మూడు నెలలకోసారి 2,050 వస్తుంది. మీ కాఫీ ఖర్చులో పెరిగిన 8,208 రూపాయలకు అది దాదాపు సరిగ్గా సరిపోతుంది. మీకు వేరే పెద్ద ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో ఈ వడ్డీ మీద పన్ను భారం కూడా ఉండదు. కాఫీ ధర మళ్లీ పెరిగితే వడ్డీ దానితోపాటు పెరగదన్న మాట నిజమే, ఆ తేడా వరకు నెలవారీ ఖర్చుల్లోనే సర్దుకోవాలి.

రెండో లక్షను అందులో కలపవద్దు. ఆ పథకంలో ఏడాదిలోపు ఖాతా మూసివేస్తే వడ్డీ దక్కదు, ఆ తరువాత మూసినా అసలులో కొంత కోత ఉంటుంది. ఈ వయసులో ఆసుపత్రి ఖర్చు చెప్పి రాదు కనుక ఆ లక్షను ఏ రోజైనా తీసుకోగలిగేలా బ్యాంకు డిపాజిట్‌లోనే, వీలైతే యాభై వేల చొప్పున రెండు రసీదులుగా ఉంచండి. సగమే అవసరమైతే రెండో రసీదు జోలికి పోనవసరం ఉండదు. పోస్టాఫీసుకు వెళ్లేటప్పుడు ఆధార్, పాన్, ఫొటోలు తీసుకువెళ్లండి. దరఖాస్తులో నామినీగా మీ పేరు రాయించి, అది నమోదైందో లేదో పాసు పుస్తకంలో చూసుకున్న తరువాతే కౌంటర్ దగ్గర నుంచి కదలండి.