పేరు డిసైడ్ చేయలేక నిద్ర పట్టట్లేదా? 143 పేర్లతో నేను పడిన పాట్లు

డెలివరీకి ఇంకా 5 వారాలే ఉంది, ఏ పేరు అనుకున్నా రెండో రోజుకి నచ్చట్లేదు, పేరుకే ఇంత టెన్షన్ పడితే రేపు బిడ్డని ఎలా పెంచుతానో అని ఏడుపొస్తోంది, ఇది నాకొక్కదానికేనా అని అడిగారు కదా. అయ్యో, మీకొక్కదానికే కాదండి. నాకు ఏడో నెలలో పట్టుకుంది ఈ పిచ్చి, మావాడు పుట్టాక ఐదో నెల వచ్చేదాకా పూర్తిగా వదల్లేదు. కాబట్టి ఇది ఎక్స్‌పర్ట్ సలహా ఏం కాదు, ఆ గోతిలో పడి లేచినదాని మాట అనుకోండి.

నా ఫోన్ నోట్స్‌లో ఒక లిస్ట్ ఉండేది. మొదట 12 పేర్లు. తర్వాత యాప్ ఒకటి వేసుకున్నా, దాంతో 60 అయ్యాయి, ఎనిమిదో నెల దాటేసరికి 143. రోజూ రాత్రి పదకొండింటికి నేను ఒక పేరు చెప్పడం, మా ఆయన "బానే ఉంది" అనడం, బానే ఉందంటే నచ్చిందా నచ్చలేదా అని నేను, బానే ఉందన్నా కదా అని ఆయన, ఇలా సాగి సాగి ఒంటిగంటకి చెరో వైపు తిరిగి పడుకునేవాళ్ళం. ఆయన పడుకునేవాడు, నేను మళ్ళీ ఫోన్ తీసేదాన్ని. అర్థం బాగుంటే నోరు తిరగదు, నోరు తిరిగితే ఆల్రెడీ తెలిసినవాళ్ళలో నలుగురికి ఉంది, ఎవరికీ లేదు కదా అని సంబరపడితే అది ఆయన పాత మేనేజర్ పేరు, ఆ మనిషి తలపుకొస్తేనే ఈయనకి బీపీ.

ఇంత గొడవలో నాకు చాలా లేటుగా వెలిగిన విషయం ఏంటంటే, నేను పేరు ఎంచుకోవట్లేదు, పేర్లు పోగేస్తున్నా. రెండూ వేరు. కొత్తది ఒకటి చేరిన ప్రతిసారీ ఉన్నవన్నీ కాస్త వెలవెలబోయేవి. హెర్బర్ట్ సైమన్ అని ఎకనామిక్స్‌లో 1978 నోబెల్ వచ్చినాయన, ఈ సంగతి 1950ల్లోనే చెప్పాడు: మనుషులు ఉన్నవాటన్నిట్లోకీ బెస్ట్ వెతకలేరు, వెతకరు కూడా, ఇంత ఉంటే చాలు అని ఒక గీత గీసుకుని అది దాటిన మొదటిదాన్ని తీసుకుంటారు అని. నాకు ఆ గీతే లేదు. అందుకే ఒకరోజు మధ్యాహ్నం కూర్చుని గీత గీసుకున్నాం: ఫోన్లో ఒక్కసారి చెప్తే అవతలివాళ్ళకి అర్థం కావాలి, ఇద్దరిలో ఎవరికీ ఆ పేరుతో పాత పేచీ ఉండకూడదు, ముద్దుగా కుదించి పిలిచినా వెటకారంగా వినపడకూడదు. అంతే. అర్థం గొప్పగా ఉండాలి అనేది తీసేశాం, అది నా పట్టుదలే అనుకోండి, కానీ మన పేరుకి అర్థం ఏంటని మనల్ని ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయింది చెప్పండి. ఆ సాయంత్రం యాప్ కూడా డిలీట్ చేశా. 143 లోంచి 9 మిగిలాయి.

"అందరికీ ఉన్న పేరే పెట్టాం అనిపించుకుంటామేమో" అని రాశారే, ఆ భయం నాక్కూడా గట్టిగానే ఉండేది. దీనికి మాత్రం ఒక లెక్క చెప్తా. అమెరికా వాళ్ళు 1880 నుంచి పుట్టిన పిల్లల పేర్ల లిస్టులు పెడతారు. 1880లో అక్కడ మగపిల్లల్లో నూటికి 8 మంది జాన్‌లే! అదే 2023లో మొదటి ప్లేస్‌లో ఉన్న లియమ్ నూటికి ఒకరికి కాస్త పైన, అంతే. అంటే ఇప్పుడు టాప్ పేరు పెట్టినా క్లాసులో ఇంకొకరు ఉంటారన్న గ్యారంటీ లేదు. అదీగాక అరుదైన పేరు కావాలనే మనలాంటి వాళ్ళందరం వెతికేది అవే నాలుగు చోట్ల కాబట్టి, అందరికీ దొరికే అరుదైన పేర్లు కూడా అవేలెండి.

ఇంక ఆ 9 పేర్లని ఏం చేశామంటే, లిస్టులో చూడ్డం మానేసి నోటితో వాడటం మొదలుపెట్టాం. ఒక్కో పేరుకి రెండేసి రోజులు. పొట్టలో ఉన్నవాడిని ఆ పేరుతోనే పిలవడం, ఆ పేరు పెట్టే తిట్టడం కూడా (రాత్రి మూడింటికి తన్నేవాడు లోపల్నుంచి, తిట్టాల్సిన సందర్భాలకి లోటు లేదు). కాగితం మీద నాకు ప్రాణంలా అనిపించిన పేరు హృదాన్ష్. వంటింట్లోంచి పడగ్గదిలోకి వినపడేలా అరిచి చూద్దాం అని "హృదాన్షూ... ఇటు రా" అన్నా. లోపల్నుంచి మా ఆయన "ఏ షూ? అన్నీ బయట ర్యాక్‌లోనే ఉన్నాయి చూడు" అన్నాడు. నిజంగానే వినపడలేదు ఆయనకి, జోక్ కాదు. రెండు నెలలు నేను గుండెకి హత్తుకున్న పేరు అక్కడికక్కడే పోయింది. ఆ పేరున్న పిల్లల అమ్మలు ఏమీ అనుకోకండి, మంచి పేరే, మా ఇంటి గోడలకి సరిపడలేదు.

వాడటంలో ఇంకో లాభం కూడా ఉంది. రాబర్ట్ జాయన్స్ అనే సైకాలజిస్ట్ 1968లో అర్థం లేని మాటలు కొన్ని మనుషులకి చూపించి వినిపించాడట, కొన్ని ఒకట్రెండు సార్లు, కొన్ని పాతిక సార్ల దాకా. ఎక్కువసార్లు తగిలిన మాటలకి ఏదో మంచి అర్థమే ఉండుంటుంది అని వాళ్ళు చెప్పారు. నాకు అచ్చం అదే అయ్యింది, మొదటిరోజు చప్పగా అనిపించిన పేరే రెండో రోజు రాత్రికి మా ఇంట్లో మనిషిలా అయిపోయింది. (వాడి పేరు ఇక్కడ రాయనండి, పెద్దయ్యాక వాడే చెప్పుకుంటాడు.) మీకు రెండో రోజుకి నచ్చట్లేదు అంటున్నారు కదా, బహుశా ఆ రెండో రోజు మీరు పేరు వాడట్లేదు, దానికి మార్కులు వేస్తున్నారు.

చుట్టాల సంగతి. ఫ్యామిలీ గ్రూపులో పోల్ పెట్టకండి, దండం పెడతా. మేం పెట్టాం. ఎక్కువ ఓట్లు మా ఇద్దరికీ నచ్చని పేరుకే వచ్చాయి, అది పెట్టలేదని ఇప్పటికీ ఒకావిడ పెళ్ళిళ్ళలో గుర్తు చేస్తుంటుంది.

కానీ మా అత్తయ్య విషయం పోల్ లాంటిది కాదు. ఆవిడకి మామయ్యగారి పేరు పెట్టాలని. మామయ్య పోయి అప్పటికి ఏడాదిన్నర. నాకేమో ఆ పేరు పాతగా ఉందని, పైగా నా బిడ్డ నా ఇష్టం అని మొండితనం, మా ఆయనేమో మధ్యలో నలిగిపోయి "మీరిద్దరూ మాట్లాడుకోండి" అని తప్పుకున్నాడు. రెండు వారాలు ఆవిడకీ నాకూ ముక్తసరి మాటలే. ఒకరోజు ఆవిడ బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండానే, "మొదట్లో ఆయన పేరు అడుగుతూ కొరియర్ వాళ్ళో బ్యాంకు వాళ్ళో ఫోన్ చేసేవాళ్ళమ్మా, ఇప్పుడు అవీ రావట్లేదు" అంది. నేను టవల్ మడతపెడుతున్నదాన్ని అలాగే ఉండిపోయా. ఆవిడకి కావాల్సింది పిల్లాడికి ఫలానా పేరు అని కాదు, ఆ పేరు ఎవరో ఒకరు పైకి అనడం. దాంతో పేరు రెండు భాగాలు చేశాం, రెండోది మామయ్యది. ఆవిడ పూర్తి పేరుతో పిలుస్తుంది, మేం మొదటి సగం. మీ ఇంట్లో కూడా ఎవరైనా ఒక పేరు పట్టుకుని కూర్చుంటే, వద్దు అనేముందు అదే ఎందుకు అని ఒక్కసారి అడిగి చూడండి. ప్రతిసారీ ఇలా తేలుతుందని కాదు, కొందరిది ఉత్త పంతమే, అలాంటివాళ్ళకి "చూస్తాం అండి" చాలు.

డేట్ గురించి కూడా అడిగారు, పుట్టేలోపే ఫైనల్ అవ్వాలా అని. అవ్వక్కర్లేదు. దేశాన్ని బట్టి రూల్స్ వేరుగానీ టైం అయితే ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో పుట్టుక రిజిస్టర్ చేయడానికే 42 రోజులు ఇస్తారు, ఇండియాలో పేరు లేకుండా ముందు రిజిస్టర్ చేయించి 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు చేర్చొచ్చు. ఇది తెలిసినప్పుడు నాకు గుండె మీంచి బండ దిగినట్టయింది, కానీ అదే నన్ను ముంచింది కూడా. టైం ఉంది కదా అని వాడు పుట్టాక కూడా రెండు పేర్లు చేతిలో పెట్టుకుని ఒకరోజు ఇది ఒకరోజు అది అంటూ లాగా. ఆ పదిహేను రోజులంత నరకం ముందు మూడు నెలల్లో కూడా లేదు.

దీని మీద డేనియల్ గిల్బర్ట్ అనే సైకాలజిస్ట్ వాళ్ళ ప్రయోగం ఒకటుంది, 2002లో వచ్చింది. ఫోటోగ్రఫీ నేర్చుకునే స్టూడెంట్స్ తాము తీసిన రెండు మంచి ఫోటోల్లో ఒకటే ఉంచుకోవాలి. కొందరికి కావాలంటే కొన్ని రోజుల్లో మార్చుకోవచ్చు అన్నారు, కొందరికి ఇంక మార్చేది లేదు అన్నారు. చివరికి తమ ఫోటో ఎక్కువ నచ్చింది ఎవరికయ్యా అంటే, మార్చుకునే దారి లేనివాళ్ళకి! మరి మనకేమో మార్చుకునే ఛాన్స్ ఉంటేనే హాయి అనిపిస్తుంది. అందుకే గవర్నమెంటు ఎంత టైం ఇచ్చినా ఇవ్వనీండి, మీ ఇద్దరూ మీ సొంత డేట్ ఒకటి పెట్టుకోండి, ఆరోజు రెండో పేరుని నోట్స్‌లోంచి కూడా తీసేయండి. రెండో బిడ్డకి పనికొస్తుంది అని కూడా దాచొద్దు, నేను దాచా, రోజూ వెళ్ళి చూసుకునేదాన్ని.

ఫారం నింపేశాక కూడా నాకు తేలికపడలేదు. టీకాల కార్డు మీద వాడి పేరు రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది, ఎవరో వేరే పిల్లాడి కార్డు నింపుతున్నట్టు. తప్పు పేరు పెట్టేశా అని రోజూ ఏడుపు. వాడికి నెల నిండాక చెకప్‌లో డాక్టరమ్మకి చెప్తే ఆవిడ పేరు ఏంటని కూడా అడగలేదు, ఎన్ని గంటలు నిద్రపోతున్నావు, తింటున్నావా, వేరే వాటికి కూడా ఏడుపొస్తోందా అని అడిగింది. అప్పుడు అర్థమయ్యింది, సగం ఏడుపు పేరుది కాదు. కాన్పయ్యాక మొదటి రెండు వారాలు ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందికి ఉండేదే, అది దాటి కూడా ఉంటే చెప్పుకోవాలంట, నేను అప్పటికే రెండు వారాలు లేట్. మీరు ఇప్పుడే నిద్ర పట్టట్లేదు, ఏడుపొస్తోంది అంటున్నారు కాబట్టి వచ్చే చెకప్‌లోనే చెప్పేయండి, పేరు గురించి అని మొహమాటపడకండి, డాక్టర్లు ఇంతకన్నా వింతవి విని ఉంటారు.

నాకు పూర్తిగా ఎప్పుడు వదిలిందంటే, వాడికి ఐదో నెల వస్తుండగా నేను ఫోన్లో ఎవరికో వాడి పేరు చెప్తుంటే చాప మీద బోర్లాపడి ఉన్నవాడు తల తిప్పి చూశాడు. వాడిని పిలవను కూడా లేదు నేను. నాలుగున్నర నెలలకే పిల్లలు వేరే పేర్లకన్నా తమ పేరునే ఎక్కువసేపు వింటారని 1995లో ఒక స్టడీ వచ్చిందని తర్వాత చదివా, అంటే మావాడేం బాలమేధావి కాదు, కరెక్ట్ టైంకే తిరిగాడు. ఆ తల తిప్పిన పేరుని ఇంక నేను మార్చలేను కదా. ఆ రాత్రి నోట్స్‌లో లిస్ట్ డిలీట్ చేశా.

మీరు మాత్రం ఇవాళ ఒక్కరోజు ఫోన్ పక్కగదిలో పెట్టి పడుకోండి. ఫైనల్‌కి రెండు మూడు మిగిలితే ఎవరినీ అడక్కండి, నాక్కూడా చెప్పకండి, నేనేదో ఒక వంక పెడతా.