గుంటూరు నుంచి వెళ్ళి లిండిస్ఫార్న్ దీవికి ఇసుకలో నడవొచ్చా?

నడవొచ్చు, కానీ సముద్రం ఒప్పుకున్న వేళలోనే. ఇంగ్లాండ్ ఈశాన్య తీరంలోని ఈ దీవి పోటు వస్తే నీళ్ళ మధ్య, పాటు తీస్తే తడి ఇసుక మధ్య ఉంటుంది. మన విజయవాడ భవానీ ద్వీపం లెక్క వేరు, అక్కడ నీటిమట్టం ప్రకాశం బ్యారేజీ గేట్ల చేతిలో ఉంటుంది. ఇక్కడ చంద్రుడి పెత్తనం. రెండు పోట్ల మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు, అంటే నిన్నటి టైము ఈరోజు పనికిరాదు, రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది.

సూర్యలంకలో అలలు పాదాలు తడిపి పోవడం చూసిన కళ్ళతో దీన్ని అంచనా వేయకండి. పాత యాత్రికుల దారి సుమారు 5 కిలోమీటర్లు, వరసగా పాతిన కర్రలే గుర్తు. మధ్యలో నిచ్చెనెక్కే చెక్క గూళ్ళు కనిపిస్తాయి. చిక్కుకుపోయినవాళ్ళు ప్రాణం కాపాడుకోవడానికే అవి! నీరు ఇంకా వెనక్కి పోతుండగానే బయల్దేరి, పూర్తిగా తగ్గేసరికి దీవి చేరాలి. దీవికి వెళ్ళే కారు రోడ్డుకిచ్చే సురక్షిత టైములు నడకకు సరిపోవు.

చూడాల్సింది ఎర్రరాతి మఠం శిథిలాలు. క్రీ.శ. 635లో ఎయిడన్ అనే క్రైస్తవ సన్యాసి ఇక్కడ మఠం పెట్టాడు, 793లో వైకింగులనే ఉత్తర ఐరోపా సముద్ర దొంగలు దోచారు. ఇప్పుడు కనిపించే గోడలు మాత్రం 12వ శతాబ్దంలో మళ్ళీ కట్టినవి. పైకప్పు ఎప్పుడో పోయినా ఒక సన్నని కమాను గాల్లో వంగి ఇంకా నిలబడే ఉంది.