ఆ గొంతు ఎవరిదో ఊరంతటికీ తెలుసు

బిడ్డా,

ఊళ్లవాళ్లే నడుపుకునే మీ కమ్యూనిటీ రేడియో కోసం నువ్వు వేసి పంపిన పన్నెండు వారాల ప్లాన్ రెండుసార్లు చదివాను. బతుకమ్మ, బోనాలు, ఒగ్గు కథ, చిందు, పీర్ల పాటలు... వారానికొకటి చొప్పున అన్నీ పెట్టావు. పాడే మనిషి మాత్రం అందులో ఎక్కడా కనబడలేదు. అత్త మొదలే వంకలు పెడుతోందనుకోకు, నా మొదటి ప్లాన్ కూడా అచ్చం ఇట్లాగే ఉండేది.

ముందు ఒక లెక్క చూడు. మన దేశంలో కమ్యూనిటీ రేడియోకి మామూలుగా ఇచ్చే ప్రసార శక్తి 100 వాట్లు, యాంటెనా ఎత్తు 30 మీటర్లు. పది పదిహేను కిలోమీటర్లు దాటితే గరగర తప్ప ఏమీ వినపడదు. చిన్న రేడియో అని చిన్నబోకు. పెద్ద స్టేషన్‌లో ఒకామె పాడితే ఆమె ఎవరో వినేవాళ్లకు తెలియదు. నీ దగ్గర పాడితే రెండో చరణం రాకముందే "ఇది ఫలానా ఇంటామె గొంతు" అనేస్తారు. నీ బలం అదే, నీ భయం కూడా అదే కావాలి.

ఇది నాకు ఎట్లా తెలిసిందో చెప్తాను. ఒక నాట్ల పాట రికార్డు చేశాం. పాడినామె ఊపులో సొంతంగా ఒక చరణం కట్టి కలిపింది: పొద్దు వాలినా ఆసామి గట్టు ఎక్కనివ్వడని, కూలి అడిగితే రేపు రమ్మంటాడని. మేం ఎగిరి గంతేశాం. పేరు, ఊరు చెప్పి మరీ వేశాం. తర్వాత మూడు వారాలు ఆమెను ఎవరూ కూలికి పిలవలేదు. నేను పోయి తలవంచుకొని నిలబడితే ఆమె తిట్టలేదు. "నీ రేడియో రాత్రికి బందయితది, నేను ఈ ఊళ్లెనే ఉండాలె గద బిడ్డా" అంది. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి రెండు పనులు తప్పలేదు. రికార్డింగ్ అయ్యాక పాడినవాళ్లకే ముందు వినిపించడం. వేసే రోజు సాయంత్రం దాకా ఎప్పుడు వద్దన్నా, కారణం అడగకుండా తీసేయడం. ఆ కూలి చరణాన్ని తర్వాత పదిమంది ఆడవాళ్లు కలిసి పాడారు. పదిమందిలో మొదట ఎత్తుకున్నది ఎవరో ఏ ఆసామి పట్టుకోగలడు? అట్లాగని అందరి పేర్లూ దాచకు. ఒక చిందు కళాకారుడు మాతో గొడవపడ్డాడు, నా పేరు, మా నాయన పేరు, మేం ఆడిన ఊళ్ల పేర్లు అన్నీ చెప్పాల్సిందేనని. ఆయన్ని ఊళ్లో పూర్తి పేరుతో పిలిచినవాళ్లే లేరట. చెప్పాం. కాబట్టి ఎవరికి వాళ్లను అడుగు.

ఎక్కడ కూర్చుంటావో కూడా చూసుకో. పంచాయతీ ఆఫీసు ముందో, గుడి అరుగు మీదో మైకు పెట్టి "అందరూ రండి" అంటే కొందరు రారు. అడుగు పెట్టనివ్వని చోటికి పాట పాడటానికి ఎందుకొస్తారు? నువ్వే వాళ్ల వాడకు పో. చెంబుతో నీళ్లిస్తారు, తాగు. తాగుతావా లేదా అని వాకిట్లో పిల్లలతో సహా అందరూ చూస్తుంటారు. అది అయ్యాకే మైకు సంగతి. బతుకమ్మ పాట అడిగేటప్పుడు "మీరు ఎక్కడ ఆడేవాళ్లు, ఎవరితో ఆడేవాళ్లు" అని కూడా అడుగు. సంస్కృతికి ఒక వారం, సామాజిక న్యాయానికి ఒక వారం అని నీ ప్లాన్‌లో విడగొట్టావు చూడు, ఆ గీత ఈ ఒక్క ప్రశ్నతో చెరిగిపోతుంది.

వీలైతే జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్ పోయి రా. అక్కడి సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న మొదలైంది, 90.4 మీద. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత ఆడవాళ్లు నడిపారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అని ఇద్దరు నర్సమ్మలు దాని గొంతు. లైసెన్సు రాకముందు ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాల మీటింగుల్లో వినిపించేవాళ్లు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. చదువు సంస్థలకు దారి 2002లో తెరిచారు, ఇట్లాంటి స్వచ్ఛంద సంస్థలకు 2006 నవంబర్‌లో గానీ తెరవలేదు. మీకు మైకు ఎవరిచ్చారని ఊళ్లో పెద్దమనిషి ఎవరైనా దబాయిస్తే ఆ 1995 సంగతి చెప్పు. జొన్న, కొర్ర, సామ గురించి వాళ్లు జహీరాబాద్ మాటలోనే మాట్లాడారు, పుస్తకం తెలుగులోకి దిద్దలేదు. నువ్వూ దిద్దకు.

వార్తలు చదవడానికి మనకు అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేయడం తప్ప. దానికి టెన్షన్ పడకు. ఫలానా ఊళ్లో కూలి ఎగ్గొట్టారని వార్తగా చదవలేవు. ఉపాధి పనిలో మట్టి ఎట్లా కొలుస్తారో, మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరు లేకపోతే ఎవరికి అర్జీ పెట్టాలో చెప్పొచ్చు. మాకు ఎక్కువమంది అడిగి మళ్లీ వేయించుకున్న కార్యక్రమం అదే. ఇంకొకటి, ప్రసారం చేసినవన్నీ మూడు నెలలు దాచాలి. ఫైలు పేరులో తేదీ, ఊరు రాయి. "కొత్తది ఫైనల్ 2" అని పెట్టావంటే ఏడుస్తావు.

పాటలు పనిలో ఉన్నప్పుడే తీసుకో. ఒక ముసలామెను స్టూడియోలో ఏసీ కింద కూర్చోబెట్టి విసుర్రాయి పాట పాడమంటే రెండు చరణాలకే ఆగిపోయింది. రాయి తెప్పించి ముందు పెట్టాం. చెయ్యి తిరగడం మొదలవగానే మాటలు వాటంతటవే వచ్చాయి, అరగంట ఆపలేదు. రాయి చప్పుడు గొంతును మింగుతోందని మా టెక్నీషియన్ మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనిచ్చాం.

ఒగ్గు కథకు నువ్వు అరగంట ఇచ్చావు. రాత్రంతా చెప్పే బీరప్ప కథ అది! నేనూ ఒకసారి కత్తిరించాను. మంగళం పాడకుండా కథ ఎట్లా ఆపుతారని కథకుడు పొద్దున్నే స్టేషన్ గడపలో కూర్చున్నాడు. మళ్లీ పిలిచి, కథ ఎక్కడ ఆపొచ్చో ఆయన్నే అడిగి, తొమ్మిది రోజులు వేశాం. కాబట్టి నీ ప్లాన్‌లో ఐదో వారం నుంచి అన్నీ కొట్టేసి ఖాళీగా పెట్టు. మొదటి నాలుగు వారాలు తిరిగాక ఆ ఖాళీ వాళ్లే నింపుతారు.

నా పాత హెడ్‌ఫోన్లు బస్సులో పార్సిల్ పంపుతున్నా. ఎడమ చెవి వైరు కొంచెం వదులు, మెల్లగా వాడు.

నీ అత్త