బీటెక్ లేకపోతే సైబర్ సెక్యూరిటీలోకి రానివ్వరా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు బీటెక్ మూడో ఏడాదిలో ఆపేశాడు. ఇంట్లోనే ల్యాబ్ పెట్టుకుని నేర్చుకుని సెక్యూరిటీ ప్లస్ అనే సర్టిఫికేషన్ పరీక్ష కూడా పాసయ్యాడు. ఎస్‌ఓసీ అనలిస్ట్ ఉద్యోగాలకి అప్లై చేస్తే డిగ్రీ లేదని పక్కన పెట్టేస్తున్నారు. ఇదేం న్యాయం సార్?"

న్యాయం కాదండీ. ఎస్‌ఓసీ అంటే కంపెనీ సిస్టమ్స్ మీద దాడులు జరుగుతున్నాయేమో కనిపెట్టే విభాగం. ఆ ఉద్యోగంలో ఏం చేస్తారో చూడండి. ఎవరిదో అకౌంట్ విజయవాడలో లాగిన్ అయిన పావుగంటకే బ్రెజిల్‌లో కూడా లాగిన్ అయిందని రాత్రి రెండింటికి అలర్ట్ వస్తుంది. వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ వాడాడా, పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనైనా పడిందా అని లాగ్స్, అంటే సిస్టమ్‌లో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు తిరగేసి, అవసరమైతే ఆ మనిషిని నిద్రలేపి అడిగి, పైవాళ్లకి పంపాలా క్లోజ్ చేయాలా తేల్చాలి. నెట్‌వర్కింగ్ రావాలి, ఓపిక ఉండాలి, అంతే. బీటెక్ ఎం-త్రీ మ్యాథ్స్ పేపర్‌తో అక్కడ పనే పడదు.

ఈ రంగంలో పెద్ద సర్టిఫికేషన్ సీఐఎస్‌ఎస్‌పీ. దానికి ఐదేళ్ల అనుభవం కావాలి, డిగ్రీ ఉంటే అందులో తగ్గించేది ఒక్క ఏడాదే. అమెరికా ప్రభుత్వం కూడా తన ఐటీ ఉద్యోగాల్లో డిగ్రీ కన్నా నైపుణ్యం చూసే పద్ధతికి మారతామని 2024 ఏప్రిల్‌లో చెప్పింది.

మరి ఇక్కడ ఎందుకు అడుగుతారంటే, రెండు పోస్టులకి కుప్పలుగా వచ్చే రెజ్యూమేలకి ఏదో ఒక జల్లెడ కావాలి కాబట్టి. హెచ్‌ఆర్‌కి లాగ్స్ చదవడం రాదు, బీటెక్ ఉందో లేదో చూడటం వచ్చు.

అందుకని వాళ్లు మారేదాకా ఆగకండి. ఇగ్నోలో బీసీఏ కనీసం మూడేళ్లు, పని చేసుకుంటూ చదవొచ్చు. ఈలోపు చిన్న కంపెనీల్లో హెల్ప్‌డెస్క్ అయినా సరే చేరమనండి, ల్యాబ్‌లో చేసిన ప్రతిదీ రాసి, చేసిన పని అందరికీ చూపించుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టమనండి. రేపు అమెరికా అంటే మాత్రం అక్కడ ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బీ వీసాకి డిగ్రీ కావాలి, లేదంటే ఒక్కో ఏడాది చదువుకి మూడేళ్ల అనుభవం చూపించాలి, మూడేళ్ల బీసీఏ ఒక్కటే ఉంటే అక్కడా పేచీ రావచ్చు.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే వాళ్ల జోలికి అస్సలు పోవద్దు. మనుషుల నిజాయితీ మీద నడిచే ఉద్యోగం ఇది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఇక ఆ పేరు అంతే.

ఇంకోటి, బ్యాక్‌లాగ్స్ ఎన్నో మీరు రాయలేదు. జేఎన్‌టీయూలో నాలుగేళ్ల బీటెక్ పూర్తి చేయడానికి ఎనిమిదేళ్ల గడువు ఉంటుంది. మీవాడికి అది ఇంకా మిగిలి ఉంటే, బీసీఏ కన్నా ముందు కాలేజీకి వెళ్లి రీఅడ్మిషన్ సంగతి కనుక్కోండి.