లీమా నుంచి వచ్చిన మర్నాడే లగూనా 69 ఎక్కవచ్చా?

రాత్రి బస్సులో పెరూ రాజధాని లీమా నుంచి ఆండీస్ కొండల్లోని వరాస్ ఊరు చేరి, ఒక పగలు ఊళ్లో తిరిగి, మర్నాడు తెల్లవారుజామునే లగూనా 69 అనే కొండ సరస్సుకి వెళ్లిపోవచ్చా అని అడిగారు. నేను సరిగ్గా అలాగే వెళ్లాను. అందుకే వద్దంటున్నాను.

ఇది కాళ్ల బలానికి సంబంధించిన విషయం కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాణ్ణి, రానూపోనూ పద్నాలుగు కిలోమీటర్లు ఒక లెక్కా అనుకున్నాను. తిరుమల వెయ్యి మీటర్ల ఎత్తు కూడా ఉండదన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. లీమా సముద్రం ఒడ్డున ఉంది. వరాస్ 3,050 మీటర్లు, నడక మొదలయ్యే చోటు 3,900, సరస్సు 4,600. అంత ఎత్తున ఊపిరికి అందే ఆక్సిజన్ కింద దొరికేదానిలో పదింట ఆరు వంతులు కూడా ఉండదు.

మొదటి గంట మనల్ని మోసం చేస్తుంది. వాగు పక్కన పచ్చిక, మేస్తున్న ఆవులు, కొండల మీదినుంచి జారే జలపాతాలు. తరువాత మెలికల దారి. అది ముగిశాక ఒక చిన్న మడుగు కనిపిస్తే వచ్చేశాననుకుని సంబరపడ్డాను. కాదట! ఇంకా ఒక మైదానం, దాని వెనక అసలైన ఎక్కుడు. అక్కడ పది అడుగులు వేయడం, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడడం, ఇదే పని. నాలుగు రోజులుగా వరాస్‌లోనే ఉంటున్న ఒక పెద్దావిడ కూనిరాగం తీస్తూ నన్ను దాటిపోయింది.

సరస్సు మాత్రం అద్భుతం. హిమానీనదం నూరిన రాతిపిండి నీళ్లలో తేలుతూ ఉండడం వల్ల ఆ రంగు వస్తుంది. మైలుతుత్తం కరిగించి పోసినట్టు ఉంటుంది. పైన నిలబడిన మంచు శిఖరం పేరు చక్రరాజు. నవ్వకండి, అక్కడి క్వెచువా భాషలో రాజు అంటే మంచుకొండ. ఇంత అందం ఎదురుగా ఉండగా నేను మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాను.

కాబట్టి ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేలా వరాస్‌లో కనీసం రెండు పగళ్లు గడపండి. రెండో రోజు 3,700 మీటర్ల ప్రాంతంలో ఉన్న విల్కకోచా సరస్సు దాకా నడిచి రండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర విషయం బయలుదేరే ముందే మీ డాక్టరును అడగండి. బసలో ఇచ్చే కోకా ఆకుల టీ తాగండి, కానీ ఆ ఆకులు ఇంటికి తేవద్దు, మన దేశంలో అది నేరం. మే నుంచి సెప్టెంబరు దాకా అయితే వానల బెడద తక్కువ. దారిలో తలనొప్పికి వాంతులో తూలడమో తోడైతే, సరస్సు ఎంత దగ్గరలో ఉన్నా వెంటనే కిందికి దిగండి.

రెండు రోజులు కేటాయించలేకపోతే లంగనూకో సరస్సులతో సరిపెట్టుకోండి. అవీ అలాంటి రంగులోనే ఉంటాయి, రోడ్డు పక్కనే. ఉదయం మా వ్యాను అక్కడ ఆగింది. అందరూ దిగారు, నేను అప్పటికే తల పట్టుకుని సీట్లో కూర్చున్నాను.