ఒతారులో గుడ్లగూబల్ని లెక్కపెట్టకు

చి. బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

డిసెంబర్‌లో ఒక్కదానివే జపాన్‌లో సప్పొరో నుంచి ఒతారు వెళ్ళి పాత బ్యాంకులు చూస్తావట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ముప్పయ్యేళ్ళు క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి అంటుకుందంటే సంతోషం కాదూ! ఆ రాత్రి మాత్రం మంచు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

జారని బూట్లు కొనుక్కో. జేబుల్లో చేతులు పెట్టుకుని నడవకు, ఊరంతా వాలే. బుధవారం వెళ్ళకు, బ్యాంక్ ఆఫ్ జపాన్ మ్యూజియంకి సెలవు. రైల్లో కుడివైపు కూర్చుంటే సముద్రం పట్టాల పక్కకే వస్తుంది. దారిలో జెనిబాకో అని స్టేషన్. ఆ మాటకి డబ్బుల పెట్టె అని అర్థం. హెర్రింగ్ చేపలు ఒడ్డుకి విరగబడి వచ్చిన రోజుల్లో ఆ తీరంలో డబ్బు అలా ఆడింది. చేపలు, బొగ్గు, ఓడల సరుకు... బ్యాంకులు ఊరికే రాలేదమ్మా. ఒతారులో ఆ బ్యాంకుల వీధుల్ని ఉత్తరాది వాల్ స్ట్రీట్ అనేవాళ్ళు.

ఇక అసలు సంగతి. మీ అన్నయ్య సప్పొరోలో ఉద్యోగం చేసేటప్పుడు నేనూ మీ పెద్దమ్మా ఒతారు వెళ్ళాం. ఆవిడ అడిగింది ఒక్కటే, సోయా సాస్ పోసుకునే చిన్న గాజు సీసా. వంచి ఎత్తితే మూతి వెంట ఒక్క చుక్క కారదు. దోసెల మీద నూనెకి బాగుంటుందని. "ముందు బ్యాంకు, వచ్చేటప్పుడు కొందాం" అన్నాను.

ఆ బ్యాంక్ ఆఫ్ జపాన్ భవనం 1912లో కట్టింది. లోపల అంత పెద్ద హాల్లో నడిమధ్య ఒక్క స్తంభం లేదు. పదికోట్ల యెన్ల కట్ట ఎత్తి చూడమంటారు, పది కిలోలు! గోడల మీద గుడ్లగూబలు. మన దగ్గర బ్యాంకు మీద గుడ్లగూబ వాలితే శాంతి చేయిస్తారు, అక్కడి ఆదివాసులు ఐనూలకి అది ఊరు కాచే దేవుడు. లోపల పద్ధెనిమిది, బయట పన్నెండు అని తెలిసింది. లోపలివి సరిపోయాయి. బయట పదకొండే తేలాయి.

క్యాష్ టాలీ కాకుండా నేను ఇంటికెళ్తానా? మంచులో భవనం చుట్టూ మూడుసార్లు తిరిగాను. పెద్దమ్మ శాలువా తలమీదికి లాక్కుని గుమ్మంలో నిలబడింది. రెండుసార్లు "ఏమండీ" అంది. మూడోసారి పిలవలేదు, అది నేను గమనించాల్సింది. డిసెంబర్‌లో అక్కడ నాలుగింటికే చీకటి. మేం సకాయిమాచి వీధికి చేరేసరికి ఆ చిన్న కొట్టు షట్టర్ సగం దిగింది. కిందనుంచి షాపావిడ చెప్పులు కనిపించాయి. ఆవిడ వంగి, ఇంకా వంగి, క్షమించమన్నట్టు నమస్కారం పెట్టి షట్టర్ దించేసింది. తిరుగు రైల్లో పెద్దమ్మ కిటికీవైపు తిరిగి కూర్చుంది. చీకట్లో కనిపించేదేముంది?

ఇప్పటికీ స్టవ్ పక్కన నూనె మరక పడితే "మీ గుడ్లగూబలు" అంటుంది. తిట్టు కాదులే, ఆమాత్రం నాకు తెలుసు.

అందుకే ముందు కొట్లు, తరవాతే బ్యాంకులు. గాజు కొట్లో బ్యాగు వీపు మీంచి తీసి ముందుకి తగిలించుకో. ఆ సీసా ఒకటి కొను. డబ్బు మీ నాన్న ఖాతాలో వేశాను. పెద్దమ్మకి చెప్పకు.

షాపింగ్ అంతా అయ్యాక, వెలుతురుంటేనే సుమా, ఆ పన్నెండోది ఏ మూలనుందో చూసి ఫోన్ చెయ్యి.

పెదనాన్న