ఖిల్లా తొవ్వ బాగు చేద్దామంటే...

ప్రశ్న: మాది దేవరకొండ. ప్రతి ఆదివారం పొద్దున్నే పది పన్నెండు మందిమి ఖిల్లా ఎక్కుతాం. ఈ రెండేళ్లలో తొవ్వంతా పాడైపోయింది. కంప కమ్మేసింది, రెండు చోట్ల వానకు కోసుకుపోయి కాలు జారుతోంది. ఎవరో వచ్చి చేస్తారని చూసీ చూసీ మేమే చేద్దామనుకుంటున్నాం. చందాలేసుకుని గొడ్డళ్లు, కొడవళ్లు కూడా కొన్నాం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: కొన్న గొడ్డళ్లు కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచండి. 14వ శతాబ్దంలో పద్మనాయకులు ఏలిన కోట అది, అక్కడ రాయి కదపాలన్నా ముందు పురావస్తు శాఖను అడగాలి. మీరు నడిచే గుట్ట అటవీ శాఖ కింద ఉంటే రేంజ్ ఆఫీసులోనూ ఒక దరఖాస్తు ఇవ్వండి. ఎక్కడెక్కడ ఏం చేస్తారో ఒక పేజీలో రాసి, ఫోటోలు జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కాస్త తిరగాల్సి వస్తుంది, తప్పదు.

ఇక పని సంగతి. అందరూ ముందు కంప మీద పడతారు గానీ తొవ్వను తినేది వాన నీళ్లు. మా ఊరి గుట్ట మీద మేం చేసిన తప్పూ ఇదే. మూడు ఆదివారాలు కష్టపడి గడ్డిపరక లేకుండా నున్నగా చెక్కేసి, ఫోటోలు దిగి, మురిసిపోయాం. జూన్‌లో రెండు గట్టి వానలు పడేసరికి అది మోకాలి లోతు కాలువ అయి కూర్చుంది. మట్టిని పట్టుకుని ఉన్నది ఆ గడ్డి వేళ్లేనని అప్పుడు తెలిసొచ్చింది.

కాబట్టి ఈసారి వాన వెలిసిన వెంటనే ఇద్దరు ముగ్గురు వెళ్లి, నీళ్లు ఎక్కడ తొవ్వలోకి దిగుతున్నాయో చూసి, పక్క చెట్టుకు గుడ్డ పీలిక కట్టి రండి. బండల మీద పెయింటు మాత్రం వద్దు. ఆ చోట తొవ్వకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా, రాళ్లు వరసగా పాతాలి. రాయి సగానికి పైగా భూమిలోకి దిగాలి, లేదంటే మేక తొక్కినా కదులుతుంది. పల్లం వైపు కొస తెరిచి ఉంచితే నీళ్లు ఆ వరస వెంబడి పక్కకు జారిపోతాయి. ఏటవాలు ఎక్కువున్న చోట ఈ వరసలు దగ్గర దగ్గరగా వేయండి. ఆ కొసన మట్టి పేరుకుంటుంది, పెద్ద వాన పడ్డ ప్రతిసారీ పారతో తీసేయాలి. పదిమంది ఉత్సాహంగా మొదలుపెట్టి ఇద్దరే మిగిలేది ఈ దగ్గరే.

రాళ్లు బయటి నుంచి మోసుకెళ్లండి. కోటగోడ నుంచి రాలినవి చక్కగా చెక్కి ఉంటాయి, చేతికందేంత దగ్గరలో ఉంటాయి, ఆశ పుడుతుంది, అయినా ముట్టకండి. రేపు గోడ మళ్లీ కట్టాలంటే ఆ రాళ్లే కావాలి. ఏ రాయినైనా ముందు గడ్డపారతో దొర్లించి చూశాకే చేయి పెట్టండి, కింద తేళ్లుంటాయి. తేనెతుట్టెలున్న బండల దగ్గర పొగ పెట్టొద్దు.

అనుమతి వచ్చాక కంప: సర్కారు తుమ్మను పైన నరికితే రెట్టింపు చిగురుస్తుంది, మొదలు తవ్వి తీయాల్సిందే. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి గ్లవ్స్ వేసుకుని వేళ్లతో సహా పీకాలి. సీతాఫలం చెట్ల జోలికి వెళ్లకండి, ఆ కాయలు ఏరి అమ్ముకునేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: మాది అచ్చంపేట. మేం ఏడాది పొడుగునా సలేశ్వరం వెళ్లి ప్లాస్టిక్ ఏరొచ్చా?

జవాబు: కుదరదు. ఆ లింగమయ్య గుడి ఉన్నది నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల. చైత్ర పౌర్ణమి జాతరకు తెరిచే ఆ కొద్ది రోజుల్లోనే, అదీ అటవీ శాఖ వాళ్లను ముందే అడిగి వెళ్లండి. లోయలోకి దిగే దారి సంగతి అక్కడి చెంచులకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, వాళ్లు చెప్పినట్టు నడవండి. సీసాలు ఏరుకు రావడానికి గోనె సంచులు పట్టుకెళ్లండి, పాలిథిన్ సంచులు కాదు.